టోక్యో మెట్లు, పర్ణశాల రాళ్లు

జపాన్ కుర్రకారు తెర మీద చూసిన చోట్లకు శని, ఆదివారాల్లో యాత్ర కడుతుంది. ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా వెళ్లే దారికి ఈ సరదా కొత్తేమీ కాదు.

టోక్యోలో యోత్సుయా అని ఒక పేట. ఇళ్ల మధ్య సుగా అనే చిన్న గుడి. ఆ గుడి పక్క సందులో మెట్లు, మెట్ల నడుమ ఎర్రరంగు రెయిలింగు. అంతే, మరేమీ లేదు. మన కాలనీల్లో వాటర్ ట్యాంకు పక్కన దిగే మెట్లలా ఉంటాయి. 2016లో మకోటో షింకాయ్ తీసిన ‘యువర్ నేమ్’ అనే యానిమేషన్ సినిమాలో ఆఖరి సన్నివేశం ఆ మెట్ల మీద జరిగింది. అప్పటి నుంచి ఏ దేశం నుంచి వచ్చినవాళ్లయినా ఆ సందు వెతుక్కుంటూ వెళ్తున్నారు. ఫోన్‌లో సినిమా ఫ్రేము తెరిచి పెట్టుకుని, సరిగ్గా ఆ కోణం దొరికేదాకా ఒక మెట్టు ఎక్కి, ఒక మెట్టు దిగి ఫొటో తీసుకుంటారు.

కామకురా దగ్గర సముద్రం ఒడ్డున ఒక రైల్వే గేటుది కూడా ఇదే కథ. ‘స్లామ్ డంక్’ అనే బాస్కెట్‌బాల్ సీరియల్ మొదట్లో ఆ గేటు కనిపిస్తుంది. బస్సుల కొద్దీ జనం వచ్చి పట్టాల మీదా, రోడ్డు మీదా నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే, వాళ్లను అదుపు చేయడానికి అక్కడ సెక్యూరిటీ గార్డులను పెట్టాల్సి వచ్చింది.

ఈ తిరుగుళ్లను జపాన్ వాళ్లు తీర్థయాత్ర అనే పిలుస్తారు. మొదట సరదాకే అన్నా, తర్వాత దానికో పద్ధతి వచ్చింది. 2016లో యానిమే టూరిజం అసోసియేషన్ పుట్టి, దేశం మొత్తం మీద చూడదగ్గ 88 చోట్లను ఏటా ఎంపిక చేయడం మొదలుపెట్టింది. ఆ 88 ఊరికే వచ్చిన సంఖ్య కాదు. షికోకు దీవిలో కూకాయ్ అనే బౌద్ధ గురువు పేరిట భక్తులు కాలినడకన చుట్టి వచ్చే గుళ్లు 88. కార్టూన్ల పటం గీసేవాళ్లు గుళ్ల పటం లెక్కనే తీసుకున్నారన్నమాట. సంఘానికి మొదటి అధ్యక్షుడు ‘గండమ్’ సృష్టికర్త యోషియుకి టోమినో.

ఖమ్మంలో ఇంటర్ చదివే పిల్లలకు ఇవేమీ తెలియని పేర్లు కావు. వాళ్లు షిన్‌చాన్‌నీ డోరేమాన్‌నీ తెలుగులో చూస్తూ పెరిగినవాళ్లే. 2025 సెప్టెంబర్ 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ మన థియేటర్లలో తెలుగులోనూ విడుదలైంది. పాస్‌పోర్టు చేతికి రాగానే మొదట టోక్యోనే అనే పిల్లలు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నారు. వెళ్లాలి, తప్పకుండా వెళ్లాలి. ఈలోగా ఒక శనివారం, ఒక ఆదివారం ఖాళీ దొరికితే కథ కోసం ఊళ్లు తిరిగే పని ఎక్కడ మొదలుపెట్టవచ్చో చెప్పడానికే ఈ కథనం.

రాముణ్ని గీసిన జపనీయుడు

ఈ రెండు లోకాలకూ నడుమ ఒక వంతెన ముందే ఉంది. యుగో సాకో అనే జపాన్ దర్శకుడు 1983లో డాక్యుమెంటరీ పని మీద మన దేశం వచ్చాడు. పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ రామాయణ స్థలాల్లో చేస్తున్న తవ్వకాలను చిత్రించడం ఆ పని. కథ ఆయన మనసుకు పట్టేసింది. జపనీస్‌లో దొరికిన రామాయణాలన్నీ తెప్పించుకుని చదివాడు. ఈ కథను మనుషులు నటించకూడదు, గీయాలి అనుకున్నాడు. మన యానిమేషన్‌కు పెద్దదిక్కయిన రామ్ మోహన్‌ను జత చేసుకున్నాడు. విదేశీయుడు రామాయణాన్ని కార్టూన్‌గా తీయడమేమిటని ఇక్కడ అభ్యంతరాలు వచ్చాయి, ప్రభుత్వమూ కలిసి రాలేదు. చివరికి జపాన్‌లోనే తీశారు. వందల మంది కళాకారులు లక్ష దాకా బొమ్మలు చేత్తో గీశారు.

‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ 1993 జనవరిలో ఢిల్లీ అంతర్జాతీయ చిత్రోత్సవంలో మొదటిసారి కనిపించింది. తర్వాత టీవీలో పదేపదే వచ్చి ఒక తరం పిల్లలకు రాముడి ముఖం ఇలా ఉంటుందని నేర్పింది. సాకో 2012లో కన్నుమూశాడు. 2025 జనవరి 24న కొత్త మెరుగులతో సినిమా మళ్లీ థియేటర్లకు వచ్చింది, ఈసారి తెలుగులో కూడా. బంగారు లేడి పరుగు, సన్యాసి వేషంలో రావణుడు, రెక్క తెగిన జటాయువు... ఈ సన్నివేశాల చోట్లు ఏవని భద్రాచలం వైపు ఎవర్ని అడిగినా చెయ్యెత్తి దారి చూపిస్తారు.

శనివారం: కొలువు చేసినాయన, కరిగిపోయినావిడ

నిజానికి నేలకొండపల్లి దారి ఎదురు. భద్రాచలం ఖమ్మానికి ఈశాన్యంగా ఉంటే ఇది మరోవైపు, ఇరవై కిలోమీటర్లు. అయినా మొదలు ఇక్కడే పెట్టాలి, ఎందుకంటే మనం రామదాసు అని పిలుచుకునే కంచర్ల గోపన్న పుట్టిన ఊరు ఇదే. గోల్కొండ కొలువులో మేనమామలు అక్కన్న, మాదన్నలు పెద్ద పదవుల్లో ఉన్న రోజుల్లో గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలు చేసిన పన్ను సొమ్ముతో భద్రగిరి మీద గుడి కట్టించాడు. అందుకు గోల్కొండ సుల్తాను తానీషా జైల్లో పెట్టించాడు. ఆ తర్వాత కథ తెలియని తెలుగువాడు లేడు. 1964లో చిత్తూరు నాగయ్య, 2006లో నాగార్జున ఆ పాత్ర వేశారు కాబట్టి రామదాసు ముఖం ఎలా ఉంటుందంటే ఒక్కో తరం ఒక్కో జవాబు చెబుతుంది. ఊళ్లో రామదాసు ధ్యాన మందిరం ఉంది. శివార్లలో బౌద్ధ మహాస్తూపం కూడా ఉంది. చాలామంది దాన్ని చూడకుండానే తిరిగొస్తారు, అది వాళ్ల నష్టం.

మళ్లీ ఖమ్మం వచ్చి వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం, అక్కడి నుంచి పాల్వంచ. బొగ్గు లారీలు, థర్మల్ కేంద్రం పొగగొట్టాలు చూసి అడవి యాత్రలో ఇదేమిటని విసుక్కోవద్దు. ఆ థర్మల్ కేంద్రానికి నీళ్లిచ్చే డ్యామ్ దగ్గరికే మనం వెళ్తున్నాం. అది కిన్నెరసాని.

అత్తగారి మాటలు పడలేక అడవి పట్టిన ఒక కోడలు దుఃఖంతో కరిగి వాగైపోయింది. వెంట వచ్చిన భర్త కొండగా మారి నిలిచిపోయాడు. వాగు మీద సముద్రుడి కన్ను పడితే గోదావరి ఆమెను తనలో కలుపుకుని కాపాడింది. విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’లో చెప్పిన కథ ఇది. పుస్తకం చదివినవాళ్లకు డ్యామ్ గట్టు మీద నిలబడగానే ఒక పని పడుతుంది. చుట్టూ ఉన్న కొండల్లో ఆ మొగుడు ఏ కొండో వెతుక్కోవడం. యోత్సుయా మెట్ల మీద కోణం వెతికే కుర్రాడు చేసేదీ ఇదే. కాకపోతే అతనికి ఫోన్‌లో ఫ్రేము ఉంది, మనకు మనసులో ఉంది. వాగు నిజంగానే బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది, కవి భూగోళం తప్పలేదు.

చుట్టూ ఉన్న అభయారణ్యం 635 చదరపు కిలోమీటర్లు. జలాశయంలో మొసళ్లు ఉన్నాయి కాబట్టి నీళ్లలోకి దిగే సరదా మానుకోవాలి. డ్యామ్ దగ్గర జింకల పార్కు ఉంది. పిల్లలు వెంట ఉంటే బంగారు లేడి కథ అక్కడే మొదలుపెట్టేయవచ్చు.

చెవులతో చూసిన ఊరు

గోదావరి వంతెన దాటితే భద్రాచలం. 1965లో మొదటి వంతెన వచ్చేదాకా ఈ ఊరికి పడవే దిక్కు. అందుకేనేమో మన సినిమాల్లో భద్రాచలం ఆ తర్వాత కూడా ఎక్కువగా నీటి మీద నుంచే కనిపిస్తుంది. 1973లో బాపు, రమణలు ‘అందాల రాముడు’ తీశారు. అక్కినేని, పెళ్లివారిలా కిక్కిరిసిన జనం, సినిమా అంతా దాదాపు ఒక లాంచీ మీదే. రాజమండ్రి నుంచి బయల్దేరి పాపికొండల నడుమ నుంచి భద్రాద్రికి. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’లో సుమంత్‌నూ కమలినీ ముఖర్జీనీ అదే దారిలో పడవెక్కించాడు. ముప్పై మూడేళ్ల తేడాతో రెండు సినిమాలు ఒకే నది మీద ప్రయాణించాయి. జపాన్‌లో అయితే ఈపాటికి ఏ రేవులో ఏ సీను తీశారో పటం అచ్చేసి, రేవు రేవుకూ ఒక రబ్బరు ముద్ర పెట్టి ఉండేవారు. అక్కడ రైల్వే స్టేషన్లలో ఇలాంటి ముద్రలు ఉంటాయి, పిల్లలూ పెద్దలూ నోటుపుస్తకాలు పట్టుకుని తిరిగి వేసుకుంటారు. భద్రాచలం స్నానఘట్టం దగ్గర బాపు గీతల్లో ఒక లాంచీ బొమ్మ, కింద రెండు వాక్యాలు పెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు.

సినిమాతో పాటు ఈ ఊరిని ఇంటింటికీ చేర్చింది రేడియో. శ్రీరామనవమి నాడు ఆకాశవాణిలో వ్యాఖ్యాత ఉషశ్రీ గొంతు ఇక్కడి కల్యాణాన్ని కళ్లకు కట్టేది. ఇంట్లో రేడియో ముందు పీట వేసి, కొబ్బరికాయ పెట్టుకుని పెళ్లి విన్నవాళ్లు మన అమ్మమ్మల్లో ఎందరో. వాళ్లలో చాలామంది భద్రాచలం చూడకుండానే పోయారు. కానీ ఊరు వాళ్లకు తెలుసు.

గుడి గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను, చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. రెండే విషయాలు. రామదాసు కన్నా ముందు ఈ మూర్తులను గుర్తించి పందిరి వేసి తాటిపళ్లు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అనే అడవి పల్లె స్త్రీ. రాముడికి నాలుగు చేతులుండి, సీత ఎడమ తొడ మీద కూర్చున్న రూపం ఇక్కడిది. రాత్రి ఊళ్లోనే ఉండండి. మర్నాడు పొద్దున్నే బయల్దేరాలి.

ఆదివారం: రెండు రాష్ట్రాల్లో ఒక కథ

పర్ణశాల భద్రాచలం నుంచి సుమారు 35 కిలోమీటర్లు, దుమ్ముగూడెం మండలంలో ఉంది. ఊరు దాటిన కాసేపటికే ఆంధ్రప్రదేశ్ వచ్చేస్తుంది. 2014లో పోలవరం ముంపు మండలాలను అటు కలిపినప్పుడు భద్రాచలం పట్టణం ఇటు, చుట్టుపక్కల పల్లెలు అటు పోయాయి. ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలను వెనక్కి ఇవ్వాలని తెలంగాణ అప్పటి నుంచీ అడుగుతూనే ఉంది. యాత్రికుడికి మాత్రం తమాషాగా ఉంటుంది. రావణుడు సీతను ఎత్తుకుపోయింది తెలంగాణలో, జటాయువు అడ్డుపడింది ఆంధ్రప్రదేశ్‌లో! ఏటపాకలో జటాయువు రావణుడితో తలపడ్డాడని, తెగిన రెక్క దిగువన రేఖపల్లిలో పడిందని ఇక్కడివాళ్ల మాట. గుండాల దగ్గర ఇసుక తవ్వితే గోరువెచ్చని నీళ్లు ఊరతాయి. దానికీ ఒక కథ ఉంది. దుమ్ముగూడెం అయితే ఖరదూషణులతో వచ్చిన 14 వేల మంది రాక్షసులు హతమైన చోటంటారు. ఇంగ్లిషు ఇంజినీర్లు పడవల రాకపోకల కోసం కట్టించిన పాత ఆనకట్ట కూడా అక్కడే ఉంది. రాక్షసులను చూసి రండి కానీ, ఆనకట్టను వదిలిపెట్టకండి.

పర్ణశాలలో చూసేవి రెండు. మొదటిది గుడి దగ్గరి బొమ్మల వరస. ఆకుల కుటీరం, బంగారు లేడి, ముక్కు చెవులు పోయిన శూర్పణఖ, జోలె పట్టిన రావణుడు. సిమెంటు బొమ్మలకు గాఢమైన రంగులు వేసి నిలబెట్టారు. పట్నం నుంచి వచ్చిన కొందరికి ఈ బొమ్మలు నచ్చవు, నాటుగా ఉన్నాయంటారు. నాకు నచ్చుతాయి. పిల్లలు వాటి ముందు ఆగుతారు, వేలు పెట్టి చూపిస్తారు, రావణుడి పక్కన నిలబడి ఫొటో దిగుతారు. బొమ్మ పని అదే కదా.

జపాన్‌లో సకాయ్‌మినాతో అనే రేవు పట్టణంలో ఇదే పని కంచుతో చేశారు. దయ్యాల బొమ్మల కథలు గీసిన షిగేరు మిజుకి పెరిగిన ఊరు అది. దుకాణాలకు బేరాలు తగ్గిపోయిన బజారులో 1993లో 23 దయ్యాల విగ్రహాలు పెట్టారు. ఇప్పుడు 170కి పైనే. బజారు మళ్లీ కళకళలాడింది. అక్కడి దయ్యాలు, ఇక్కడి రాక్షసులు, రెండు ఊళ్లకూ కూడు పెట్టేది వాళ్లే.

రెండోది సీతమ్మ వాగు. అసలు పర్ణశాల ఇదే. వాగు రాళ్ల మీద పొడుగ్గా చారలు కనిపిస్తాయి. “ఇదిగో అమ్మా, సీతమ్మ నారచీర ఆరేసిన గుర్తులు. ఇవి పాదాలు. ఇది పసుపు రాయి, అది కుంకుమ రాయి” అని చూపించేవాళ్లు పక్కనే ఉంటారు. ఆడవాళ్లు వంగి రాయిని తాకి కళ్లకద్దుకుంటారు. పడీపడీ పేరుకున్న పసుపు కుంకుమల కింద కొన్నిచోట్ల రాయి అసలు రంగేదో తెలియదు. అవతలి ఒడ్డున కొండను చూపించి రావణుడు రథం ఆపింది అక్కడే అంటారు. ఒక నది, ఒక వాగు, నాలుగు రాళ్లు, ఒక కొండ ఉంటే చాలు, అరణ్యకాండలో సగం అక్కడే అమరిపోయింది.

ఇదంతా నిజమేనా అని అడిగే బావగారు ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. నాసిక్‌లో పంచవటి ఉంది కదా, జటాయువు లేపాక్షిలో పడ్డాడంటారు కదా, కేరళలో ఏకంగా కొండ మీద పెద్ద జటాయువును నిర్మించారు కదా అంటారాయన. నిజమే. తైవాన్‌లో జియుఫెన్ అనే కొండ పల్లె ఉంది. ‘స్పిరిటెడ్ అవే’లో ఊరు దాన్ని చూసే గీశారని ప్రచారం. కాదని హయావో మియజాకి స్వయంగా చెప్పాడు. అయినా జనం తగ్గలేదు. జపాన్‌లో మత్సుయామా స్నానశాల కూడా ఆ సినిమా పేరు మీద తన వాటా తను తీసుకుంటోంది. కథ ఒకటే, చోట్లు ఎన్నయినా ఉండవచ్చు. తేడా ఒక్కటే. జియుఫెన్ వెళ్లేవాళ్లకు అది కల్పన అని తెలుసు, సీతమ్మ వాగులో వంగిన ఆవిడకు అది కల్పన కాదు. ఆవిడ పక్కన సెల్ఫీ తీసుకునేవాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

ఒక గుడి ఈ రెండు రకాల జనాన్నీ ఒకచోటే కూర్చోబెట్టింది కూడా. టోక్యోకు ఉత్తరంగా సైతామాలో వషినోమియా అనే పురాతన ఆలయం ఉంది. 2007లో వచ్చిన ‘లక్కీ స్టార్’ అనే సీరియల్‌లో ఇద్దరు అమ్మాయిల ఇల్లు అదే గుడి. అభిమానులు వచ్చి, మొక్కు రాసి వేలాడదీసే చెక్క పలకల మీద కార్టూన్ బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. ఊరివాళ్లు వాళ్లను తరిమేయలేదు. దుకాణదారులు కలిసి అభిమానులను పిలిచి మాట్లాడారు. 2008 ఉత్సవంలో ఆ పాత్రల బొమ్మలతో ఒక పల్లకీ తయారుచేసి ఊరేగించారు, మోసింది అభిమానులే. కొత్త సంవత్సరం దర్శనాలకు వచ్చే జనం లక్షల్లో పెరిగారు. మనం కార్టూన్లను గుళ్లోకి తేనక్కర్లేదు, సాకో రాముడి బొమ్మ ఉన్న టీషర్టుతో వచ్చిన కుర్రాణ్ని వింతగా చూడకపోతే చాలు.

నీళ్లలోకి వెళ్తున్న పటం

వానాకాలం వస్తే సీతమ్మ వాగు పొంగి నారచీరల గుర్తులు మునుగుతాయి, వరద తగ్గితే తేలతాయి. భద్రాచలానికి వరద కొత్త కాదు. 1986 ఆగస్టులో గోదావరి ఇక్కడ 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. కానీ దిగువన జరుగుతున్నది వేరు. అక్కడ పోలవరం జలాశయం పూర్తి మట్టం 150 అడుగులు. అది నిండితే మునిగే పల్లెల్లో కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, వీఆర్ పురం మండలాల కోయల, కొండరెడ్ల గూడేలు ఉన్నాయి. దేవీపట్నం వైపు గండిపోచమ్మ గుడిని వరదల్లో వెనకజలాలు ఇప్పటికే ముంచుతున్నాయి. బాపు కెమెరా పట్టుకున్న ఒడ్డు, కమ్ముల లాంచీ ఆగిన ఇసుకతిన్నెలు మళ్లీ అదే రూపంలో కనిపించవు. సినిమా చూసి చోటు వెతుక్కుంటూ వెళ్లే మనవడికి మిగిలేది సినిమానే కావచ్చు. ఊళ్లే పోతున్న చోట సినిమా సీన్ల గురించి బెంగపడటం విడ్డూరంగా అనిపిస్తుందేమో. కానీ ఆ గూడేలు ఎలా ఉండేవో మన పట్నాలవాళ్లకు చూపించినవి ఆ రెండు సినిమాలే.

టోక్యో శివార్లలో సయామా కొండలున్నాయి. ‘మై నైబర్ టొటోరో’కు మియజాకి ఊహించిన అడవి అదేనంటారు. ఇళ్ల ప్లాట్లుగా మారిపోతుందని భయం వేసి, స్థానికులు 1990లో టొటోరో పేరు పెట్టుకుని నిధి మొదలుపెట్టారు. మియజాకి తోడ్పడ్డాడు. సినిమా చూసినవాళ్లు డబ్బు పంపితే, 1991లో మొదటి ముక్క కొని దానికి ‘టొటోరో అడవి నంబరు 1’ అని పేరు పెట్టారు. తర్వాత ఒక్కో ముక్కా కొంటూ పోయారు. మన అడవిని కొననక్కర్లేదు, అది ప్రభుత్వానిది, అందులో బతికేవాళ్లది. కిన్నెరసానిలోకి ప్లాస్టిక్ పోకుండా ఆపడానికి విశ్వనాథ పేరు పనికొస్తుందేమో ఎవరూ ప్రయత్నించి చూడలేదు.

అటు నుంచి ఇటు

ఇప్పుడు జపాన్ వాళ్లూ మన కథల చోట్లు అడుగుతున్నారు. 2022 అక్టోబర్ 21న ‘ఆర్ఆర్ఆర్’ అక్కడ విడుదలై, 1998 నుంచి రజనీకాంత్ ‘ముత్తు’ పేరు మీద ఉన్న రికార్డును దాటింది. అన్ని పాత్రలూ ఆడవాళ్లే వేసే తకరజుకా నాటక సంస్థ 2024 జనవరిలో దాన్ని రంగస్థలం మీదికి ఎక్కించింది. కొమరం భీమ్ వేషం వేసింది రే మకోతో అనే నటి. భీమ్ పోరాడింది ఆసిఫాబాద్ దగ్గరి జోడేఘాట్‌లో. ఆ సినిమాలో రెండో హీరోకు మూలమైన అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో దాడి చేసిన పోలీస్ స్టేషన్లు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. అవి భద్రాచలం నుంచి తూర్పుగా అడవి దాటాక వస్తాయి.

అటు వెళ్లే దారి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతుంది. ‘పుష్ప’ అడవి సీన్లలో చాలావరకు తీసింది ఆ చెట్ల కిందే. రెండో భాగం మొదలయ్యేది జపాన్ రేవులో, నేర్చుకున్న జపనీస్‌లో మాట్లాడే హీరోతో. మారేడుమిల్లిలో రోడ్డు పక్కన బొంగు చికెన్ అమ్మేవాళ్లను అడిగితే ఏ మలుపులో ఏ సీను తీశారో చెబుతారు. అది మాత్రం మూడో రోజు. సోమవారం సెలవు దొరికితేనే.

వెళ్లే ముందు ఒక మాట. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే ఎండకు సీతమ్మ వాగు రాళ్ల మీద కాలు పెట్టలేరు, అక్కడ చెప్పులు విప్పాలి. జూలై, ఆగస్టుల్లో గోదావరి మట్టం చూసుకుని బయల్దేరండి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. పాపికొండల పడవ ఈ వైపు నుంచి పోచవరం రేవులో దొరుకుతుంది. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకండి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం ఈ నది మీద అందరికీ గుర్తే.